ఆర్‌లో ఇఫ్ఎల్స్ నా తేదీలను అంకెలు చేసింది, పైగా లేని నాన్‌ల గురించి హెచ్చరిక

పొలంగట్టు
ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లో పత్తి విత్తిన తేదీల పట్టిక ఒకటి చూస్తున్నాను. రైతు చెప్పిన తేదీ ఒక కాలమ్‌లో, అధికారులు నమోదు చేసిన తేదీ ఇంకో కాలమ్‌లో ఉన్నాయి. రైతు తేదీ ఖాళీగా ఉన్నచోట అధికారులది తీసుకోవాలి. ఉన్న పని అంతే. ఇలా రాశాను (ఇక్కడ తెలుగు లిపిలో పెడుతున్నాను, ఎవరూ నకలు చేసి నేరుగా నడపకండి; ఎన్ఏ అంటే విలువ లేనిచోటు, ఇఫ్ఎల్స్‌లో వరుసగా షరతు, నిజమైతే తీసుకునేది, కాకపోతే తీసుకునేది):

విత్తిన_తేదీ <- ఇఫ్ఎల్స్(ఈజ్.ఎన్ఏ(రైతు_తేదీ), అధికారి_తేదీ, రైతు_తేదీ)

వచ్చినవి 19896, 19901, 19889... ఇలాంటి అంకెలు. రెండు కాలమ్‌ల క్లాస్ (విలువల రకం) విడివిడిగా అడిగితే రెండూ డేట్ అనే చెబుతున్నాయి. కలిపేసరికి తేదీతనం ఎగిరిపోయింది.

వర్షపాతం పట్టికలో ఇంకో తంటా. కొలవని రోజులకు అందులో -99 అని వేసి ఉంది. అందుకే జాగ్రత్తగా ఇలా రాశాను:

లాగ్_వాన <- ఇఫ్ఎల్స్(వాన > 0, లాగ్(వాన), ఎన్ఏ)

సున్నా దాటితేనే లాగ్ తీయమని చెప్పాక కూడా "నాన్‌లు తయారయ్యాయి" అని హెచ్చరిక వస్తోంది (నాన్ అంటే అంకె కాని ఫలితం). ఫలితం మొత్తం వెతికాను, నాన్ ఒక్కటీ లేదు. షరతు చూడకుండానే లెక్క కడుతోందా? ఎక్సెల్‌లో ఇఫ్ నన్నెప్పుడూ ఇలా విసిగించలేదు.

ఎర్రమట్టి
మీ డేటా ఎక్కడికీ పోలేదు. 1970 జనవరి 1 నుంచి లెక్కపెడితే 19896వ రోజు 2024 జూన్ 22. ఆర్ తేదీలను దాచుకునేదే అలా. యాజ్.డేట్(విత్తిన_తేదీ) అంటే మళ్లీ తేదీలవుతాయి. 4.3.0 కంటే పాత ఆర్ వాడుతుంటే ఆరిజిన్ = "1970-01-01" అని కూడా ఇవ్వాలి.

పొలంగట్టు
యాజ్.డేట్‌తో వచ్చాయి, సంతోషం. కానీ పోవడం ఎందుకు, మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు? తేదీ, తేదీ కలిస్తే తేదీ కావాలి కదా.

సీ_పాతకాపు
ముప్పై ఏళ్లుగా సీ రాస్తున్నాను. ప్రశ్నార్థకం, కోలన్‌తో అదే పని చేస్తాం. షరతు నిజమైతే ఎడమది, కాకపోతే కుడిది. ఎంచుకోని పక్కను యంత్రం తాకనైనా తాకదు. ఈ గణాంకాల వాళ్ల భాషలో అన్నీ వింతలే.

లెక్కలమాస్టారు
పొలంగట్టు గారూ, రెండు ప్రశ్నలకూ మూలం ఒకే చోట ఉంది. ఆర్‌లో బ్రాకెట్లు లేకుండా ఇఫ్ఎల్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ ఫంక్షన్ లోపలి కోడ్ మొత్తం తెర మీదకు వస్తుంది. చిన్నదే, ఒక్క తెరలో అయిపోతుంది. దాని సారం ఇది.

మొదట జవాబు <- పరీక్ష అంటుంది. అంటే మీరిచ్చిన ట్రూ, ఫాల్స్ వరుసనే జవాబుగా పెట్టుకుని మొదలుపెడుతుంది. తర్వాత ట్రూ ఉన్న స్థానాలు వెతుకుతుంది. ఒక్కటైనా దొరికితే రెండో ఆర్గ్యుమెంట్‌ను పరీక్ష పొడవుకు సాగదీసి, ఆ స్థానాల్లోని విలువలను మాత్రం తీసి జవాబులో పెడుతుంది. ఫాల్స్ స్థానాలకు మూడో ఆర్గ్యుమెంట్‌తో ఇదే పని. పరీక్షలో ఎన్ఏ ఉన్న స్థానాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి అక్కడ ఎన్ఏ అలాగే ఉండిపోతుంది.

ఇడ్లీ రేకు అనుకోండి. ఎన్ని గుంటలు, ఏ ఆకారం అనేది రేకు చెబుతుంది. రెండు గిన్నెల్లో పిండి ఉంది, ఏ గుంటలో ఏ పిండి అన్నదే షరతు. ఇక్కడ రేకు మీ ఈజ్.ఎన్ఏ(రైతు_తేదీ). అది ట్రూ, ఫాల్స్‌ల వరుస, దానికి డేట్ అనే క్లాస్ లేదు. అందులోకి తేదీని పోస్తే లోపలి అంకె మాత్రమే దిగుతుంది, పైన ఉన్న క్లాస్ చీటీ బయటే ఉండిపోతుంది. సహాయ పుటలోనూ ఇది ఉంది: ఫలితం క్లాస్ పరీక్ష నుంచి వస్తుందనీ, ఎంచుకున్న విలువలకు అది నప్పకపోవచ్చనీ.

ఇక లాగ్ సంగతి. ఆర్‌లో ఆర్గ్యుమెంట్‌ను అవసరం పడేదాకా లెక్క కట్టరు. పరీక్షలో ట్రూ ఒక్కటీ లేకపోతే లాగ్(వాన) అసలు నడవదు. ఒక్క ట్రూ ఉన్నా నడుస్తుంది, నడిస్తే కాలమ్ మొత్తానికీ నడుస్తుంది. లాగ్(వాన) అనేది ఒకే లెక్క, వరుస వరుసకూ విడిగా జరిగేది కాదు. -99 ఉన్నచోట నాన్‌లు నిజంగానే పుట్టాయి, హెచ్చరిక అప్పుడే వచ్చింది. ఆ తర్వాత ఇఫ్ఎల్స్ వాటిని ఏరకుండా వదిలేసింది. అందుకే మీకు ఫలితంలో కనిపించలేదు.

రాత్రిబండి
సీ_పాతకాపు గారూ, సీలో ఉన్నది ఒక్క విలువకు. అలాంటిది ఆర్‌లోనూ ఉంది, మామూలు ఇఫ్, ఎల్స్. అది కూడా ఒక పక్కనే నడుపుతుంది. ఇఫ్ఎల్స్ కాలమ్ కోసం పుట్టింది. రెండు వేర్వేరు పనిముట్లను పక్కపక్కన పెట్టి ఒకదాన్ని తిట్టడం న్యాయం కాదు.

సీ_పాతకాపు
కాలమ్ కోసమైతే లూప్ పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటాం. అనవసరపు లాగ్‌లు తీయం, అనవసరపు హెచ్చరికలూ రావు.

రాత్రిబండి
పది లక్షల వరుసలున్న పట్టిక మీద ఆర్‌లో లూప్ పెట్టి చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పొలంగట్టు
మాస్టారూ, లోపలి కోడ్ చూశాను. మొదటి వరుసల్లో పరీక్ష పొడవు ఒకటే అయితే ఏదో దగ్గరి దారి కూడా పెట్టినట్టున్నారు. మిగతాది మీరన్నట్టే ఉంది. నిజానికి నేను మొదట మామూలు ఇఫ్‌తోనే రాశాను. షరతు పొడవు ఒకటి కంటే ఎక్కువ ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. అందుకే ఇఫ్ఎల్స్‌కు మారాను.

ఎర్రమట్టి
ఆ ఎర్రర్ 2022లో 4.2.0తో వచ్చింది. అంతకుముందు ఉత్త హెచ్చరిక ఇచ్చి, మొదటి విలువనొక్కదాన్నే చూసి, దాని ప్రకారం మొత్తం కాలమ్‌కు తీర్పు ఇచ్చేసేది. హెచ్చరికలు చదవని వాళ్ల నివేదికలు ఎన్ని అలా వెళ్లిపోయాయో. ఆపేయడమే నయం.

మిరపతోట
ఇదే ఫంక్షన్‌తో నాకు ఇంకో వింత. సీజన్ అనే చలరాశిలో ఒకే విలువ ఉంది, "ఖరీఫ్".

పంటలు <- ఇఫ్ఎల్స్(సీజన్ == "ఖరీఫ్", సీ("వరి", "పత్తి", "కంది"), సీ("శనగ", "మినుము"))

వచ్చింది "వరి" ఒక్కటే. పత్తి, కంది ఏమయ్యాయి? హెచ్చరిక కూడా లేదు.

లెక్కలమాస్టారు
పరీక్ష పొడవు ఒకటి, కాబట్టి జవాబు పొడవూ ఒకటే. మూడు పంటల్లో మొదటిది తీసుకుని మిగతావి వదిలేసింది. మీకు కావలసింది మామూలు ఇఫ్: ఇఫ్ (సీజన్ == "ఖరీఫ్") మొదటి జాబితా ఎల్స్ రెండోది. ఒక షరతు మీద మొత్తం జాబితాను ఎంచుకోవాలంటే ఇఫ్. ప్రతి వరుసకూ దాని షరతు, దాని విలువ ఉంటే ఇఫ్ఎల్స్.

మిరపతోట
సరే, మార్చాను. కానీ హెచ్చరిక అవసరం లేనిచోట ఇచ్చి, అవసరమైనచోట ఇవ్వకపోవడం ఏం తీరు?

రాత్రిబండి
మిరపతోట గారి మాటకు నా ఓటు. పొడవు సరిపోకపోతే చుట్టి చుట్టి వాడుకోవడం ఆర్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. కూడికలో పొడవులు సరిగా భాగించకపోతే కనీసం ఒక మాట అంటుంది. ఇఫ్ఎల్స్‌లో అదీ లేదు.

కొత్తవంతెన
ఇంత గొడవ దేనికి? డీప్లయర్ ప్యాకేజీలోని ఇఫ్_ఎల్స్ వాడండి, మధ్యలో అండర్‌స్కోర్ ఉన్నది. తేదీలు తేదీలుగానే ఉంటాయి. ఒక పక్క అంకెలు, ఇంకో పక్క అక్షరాలు ఇస్తే ఎర్రర్ ఇస్తుంది. పొడవులు ఒకటి గానీ షరతుతో సమానం గానీ కాకపోతే ఒప్పుకోదు, మిరపతోట గారి పంటలు అక్కడే ఆగిపోయేవి. షరతులో ఎన్ఏ ఉంటే ఏం పెట్టాలో మిస్సింగ్ అనే ఆర్గ్యుమెంట్‌తో చెప్పొచ్చు. పొలంగట్టు గారి మొదటి పనికైతే అది కూడా అక్కర్లేదు, అదే ప్యాకేజీలో కోఅలెస్ ఉంది: కోఅలెస్(రైతు_తేదీ, అధికారి_తేదీ). మొదటిది లేకపోతే రెండోది.

ఎర్రమట్టి
రెండు వరుసల పనికి ఒక ప్యాకేజీ, అది లాక్కొచ్చే ఇంకో పది ప్యాకేజీలు. ఏ ప్యాకేజీ లేకుండా ఇలా రాయొచ్చు:

విత్తిన_తేదీ <- రైతు_తేదీ
ఖాళీ <- ఈజ్.ఎన్ఏ(రైతు_తేదీ)
విత్తిన_తేదీ[ఖాళీ] <- అధికారి_తేదీ[ఖాళీ]

ఇక్కడ జవాబు తేదీ నుంచే మొదలవుతోంది కాబట్టి తేదీగానే ఉంటుంది. ఇఫ్ఎల్స్ బదులు ఇలాంటి పద్ధతి కొన్నిసార్లు మెరుగని ఆ సహాయ పుటలోనే రాసి ఉంది, చదివితే.

కొత్తవంతెన
మూడు వరుసల్లో ఖాళీ అన్న పేరు మూడుసార్లు రాయాలి. ఒకచోట మరిచిపోతే పొడవులు సరిపోక విలువలు పక్క వరుసలకు జారతాయి. కోఅలెస్ చదివితే ఉద్దేశం తెలుస్తుంది. సంవత్సరం తర్వాత ఆ కోడ్ ఇంకొకరు చదవాలి కదా.

ఎర్రమట్టి
సంవత్సరం తర్వాత ఆ ప్యాకేజీ తీరు మారి ఉండదని హామీ ఇస్తారా? 2023లో 1.1.0 వచ్చేదాకా మీ ఇఫ్_ఎల్స్‌లో ఉత్త ఎన్ఏ పెడితే రకం సరిపోలేదని ఎర్రర్ వచ్చేది. అంకెలకు ఒక ఎన్ఏ, అక్షరాలకు ఒక ఎన్ఏ అని వెతికి పెట్టేవాళ్లం. ఇప్పుడు ఉత్త ఎన్ఏ సరిపోతుందట.

కొత్తవంతెన
బాగుపడితే కూడా తప్పేనా!

లెక్కలమాస్టారు
ఇద్దరికీ ఒక మాట. ఇఫ్_ఎల్స్‌కు మారినా లాగ్ హెచ్చరిక పోదు. రెండు పక్కలూ కాలమ్ మొత్తానికీ లెక్క కట్టాకే అదీ ఏరుకుంటుంది. పాత ఇఫ్ఎల్స్ అయితే ట్రూ ఒక్కటీ లేనప్పుడు ఆ పక్క జోలికే వెళ్లదు, ఇది అలా కూడా వదలదు.

బేఏరియా_బుచ్చి
ఇది ఆర్ జబ్బు కాదు. పైథాన్‌లో నంపై లైబ్రరీలోని వేర్ కూడా అంతే. వేర్(ఎక్స్ != 0, 1/ఎక్స్, 0) అంటే సున్నాతో భాగించావని హెచ్చరిక వస్తుంది, ఫలితం మాత్రం శుభ్రంగా ఉంటుంది. పైగా అక్కడ ఆలస్యపు లెక్క అనేది లేదు. వేర్ ఫంక్షన్‌లోకి అడుగుపెట్టేలోపే రెండూ లెక్క కట్టడం అయిపోతుంది.

హెచ్చరికతో పోతే పరవాలేదు. న్యూరల్ నెట్‌వర్క్‌లలో ఇదే పెద్ద తలనొప్పి. సున్నా ఉన్నచోట వర్గమూలం వద్దని వేర్‌తో తప్పించామనుకోండి. ముందుకు వెళ్లే లెక్కలో అంతా బాగుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఎంచుకోని పక్క గ్రేడియంట్‌ను (వాలును) సున్నాతో గుణిస్తారు. సున్నా దగ్గర వర్గమూలం గ్రేడియంట్ అనంతం. సున్నా ఇంటూ అనంతం అంటే నాన్. శిక్షణ మొత్తం నాన్‌లతో నిండిపోతుంది, ఏ వరుసలో మొదలైందో వెతకడానికి రాత్రుళ్లు పోతాయి. మందేమిటంటే వేర్‌ను రెండుసార్లు వాడటం. లోపలి వేర్‌తో ముందు ఇన్‌పుట్‌నే భద్రమైన విలువ చేసి, దానికి వర్గమూలం తీసి, బయటి వేర్‌తో ఎంచుకోవాలి. టెన్సర్‌ఫ్లో, పైటార్చ్, జాక్స్ ఏదైనా అంతే.

లెక్కలమాస్టారు
బుచ్చి గారు చెప్పిన మందు ఆర్ సహాయ పుటలో చిన్న ఉదాహరణగా ఉంది. 6 నుంచి -4 దాకా అంకెలు తీసుకుని, ఇఫ్ఎల్స్ లోపల వర్గమూలం తీస్తే హెచ్చరిక వస్తుందని, వర్గమూలం లోపల ఇఫ్ఎల్స్ పెడితే రాదని చూపిస్తారు. పొలంగట్టు గారికి పనికొచ్చేదీ అదే: లాగ్(ఇఫ్ఎల్స్(వాన > 0, వాన, ఎన్ఏ)). ముందు ఎంపిక, తర్వాత లెక్క.

పాతఫైళ్లు
మీరంతా హెచ్చరికల గురించి బాధపడుతున్నారు. విజువల్ బేసిక్‌లో ఐఐఫ్ అని ఒకటుంది, ఎక్సెల్ మాక్రోల్లోనూ అదే. ఒక కార్యాలయంలో హాజరు లెక్కల ఫైలు నా చేతికి వచ్చింది. అందులో ఐఐఫ్(రోజులు = 0, 0, మొత్తం / రోజులు) అని ఉంది. రాసినవారు సున్నాతో భాగించకుండా చూసుకున్నామనుకున్నారు. ఐఐఫ్ మామూలు ఫంక్షన్, మూడు ఆర్గ్యుమెంట్లూ ముందే లెక్క కడతారు. రోజులు సున్నా అయిన మొదటి మనిషి దగ్గర మాక్రో కూలబడింది. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ నెల రోజులు సున్నాయే మరి. పొలంగట్టు గారు చెప్పిన ఎక్సెల్ ఇఫ్ సెల్‌లో రాసే సూత్రం, అది అక్కరలేని పక్కను వదిలేస్తుంది. అదే ఎక్సెల్‌లో మాక్రో రాస్తే ఐఐఫ్ వదలదు. ఒకే కప్పు కింద రెండు ధర్మాలు. విజువల్ బేసిక్ డాట్‌నెట్ 2008లో ఇఫ్ అనే ఆపరేటర్ తెచ్చాక గానీ అక్కడ ఒక పక్కనే నడిపే ఎంపిక రాలేదు.

సీ_పాతకాపు
అదే నేను మొదటి నుంచీ చెబుతున్నది. ఎంపికను ఫంక్షన్‌గా పెట్టడమే పొరపాటు. భాషలో భాగంగా ఉండాలి.

లెక్కలమాస్టారు
సీ_పాతకాపు గారి మాటకు చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. ఆయన వైపు మాట్లాడే అవకాశం ఇన్నాళ్లకు దొరికింది.

1957, 58 ప్రాంతంలో, తర్వాత లిస్ప్ భాషను సృష్టించిన జాన్ మెకార్తీ ఎంఐటీలో ఐబీఎం 704 మీద ఫోర్ట్రాన్‌లో చదరంగం ఎత్తులు లెక్కపెట్టే రొటీన్లు రాస్తున్నారు. అప్పటి ఫోర్ట్రాన్‌లో ఇఫ్ అంటే విలువ ఇచ్చేది కాదు. రుణమైతే ఈ వరుస నంబరుకు, సున్నా అయితే ఆ వరుసకు, ధనమైతే మరో వరుసకు దూకు అని చెప్పేది. దాంతో విసిగి ఆయన ఎక్స్ఇఫ్ అనే ఫంక్షన్ రాసుకున్నారు. మూడు ఆర్గ్యుమెంట్లు. మొదటిది సున్నానా కాదా అన్నదాన్ని బట్టి మిగతా రెండింటిలో ఒకటి ఫలితం. ప్రోగ్రాములు చిన్నవయ్యాయి, చదవడానికి తేలికయ్యాయి. కానీ దాన్ని పొదుపుగా వాడాల్సి వచ్చేది. ఎందుకంటే మామూలు ఫోర్ట్రాన్ ఫంక్షన్ కాబట్టి లోపలికి వెళ్లేముందే మూడూ లెక్క కట్టేవారు. పాతఫైళ్లు గారి ఐఐఫ్ సరిగ్గా ఇదే.

ఆ ఇబ్బంది నుంచే ఆయన షరతుతో కూడిన వ్యక్తీకరణకు వెళ్లారు. ఎంచుకున్న పక్కను మాత్రమే లెక్క కట్టాలన్నది దాని నియమం. అది లేకపోతే ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం కుదరదు, ఫ్యాక్టోరియల్ రాయబోతే ఆగకుండా పిలుచుకుంటూనే పోతుంది. లిస్ప్‌లో అది మూలస్తంభమైంది, ఆల్గాల్ 60లోనూ చేరింది. మన సీలోని ప్రశ్నార్థకం, కోలన్ ఆ వంశమే. పైథాన్ వాళ్లు మాత్రం 2006లో 2.5 వచ్చేదాకా ఆగారు.

సీ_పాతకాపు
ఇది ప్రింటు తీసి గోడకు అతికిస్తాను.

బేఏరియా_బుచ్చి
అతికించేముందు రెండో వైపు కూడా వినండి. రెండూ లెక్క కట్టి ఒకటి ఏరుకోవడం కావాలనే చేసే చోట్లున్నాయి. 1995 నాటి పెంటియం ప్రో నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో సీమూవ్ అనే ఆదేశం ఉంది. రెండు విలువలూ సిద్ధంగా పెట్టుకుని షరతును బట్టి ఒకటి కదిలిస్తుంది. దూకుడు లేదు కాబట్టి ఎటు దూకుతామో ముందే ఊహించి తప్పడం కూడా ఉండదు. రహస్య సంకేతాల కోడ్‌లోనైతే కావాలనే రెండూ చేస్తారు. ఒక పక్కే నడిపితే పట్టిన సమయాన్ని కొలిచి తాళంచెవి అంకెలు పసిగట్టే ప్రమాదం ఉంది.

సీ_పాతకాపు
ప్రాసెసర్ చేసుకోనివ్వండి. నాచేత చేయించకండి.

రాత్రిబండి
మాస్టారు చెప్పిన లోపలి వరుస తెలిశాక ఒక సరదా ప్రయోగం. ఇఫ్ఎల్స్(పరీక్ష, ఎక్స్ <- 1, ఎక్స్ <- 2) అని రాసి, పరీక్షలో ట్రూ, ఫాల్స్ రెండూ ఉంచండి. చివరికి ఎక్స్ విలువ 2. ముందు యెస్ పక్క నడిచింది, తర్వాత నో పక్క దాని మీద రాసేసింది. ఇఫ్ఎల్స్(ట్రూ, ప్రింట్("సరే"), 0) అని కొట్టి చూడండి, "సరే" రెండుసార్లు వస్తుంది. ఒకటి ప్రింట్ ఇచ్చింది, ఇంకొకటి ఇఫ్ఎల్స్ తిరిగి ఇచ్చిన విలువ.

మిరపతోట
మా ఇంట్లో పెద్దలు కూడా రెండుసార్లు సరే అంటారు, పని మాత్రం జరగదు.

శూన్యభాగం
ఇదే కోవలో ఇంకోటి. లేని విలువల చోట యాదృచ్ఛిక సంఖ్యలు నింపాలని ఒకరు ఇఫ్ఎల్స్(ఈజ్.ఎన్ఏ(బరువు), ఆర్‌నార్మ్(1, 50, 5), బరువు) అని రాశారు. ఆ పత్రం నేను పరిశీలించాను. లేని బరువులన్నీ చివరి దశాంశం దాకా ఒకే అంకె. ఆర్‌నార్మ్ ఒక్కసారే నడుస్తుంది, ఆ ఒక్క విలువనే అందరికీ సాగదీస్తారు. వరుసకొకటి కావాలంటే ఒకటి బదులు లెంగ్త్(బరువు) ఇవ్వాలి.

వానలెక్క
అసలు విషయం ఎవరూ అడగలేదు. పొలంగట్టు గారూ, వాన > 0 కాని వాటన్నిటినీ ఎన్ఏ చేస్తున్నారు. అందులో -99 ఉన్న రోజులూ ఉన్నాయి, వాన పడని రోజులూ ఉన్నాయి. కొలవని రోజు వేరు, కొలిచినా సున్నా వచ్చిన రోజు వేరు. మీ పట్టికలో ఎండాకాలమంతా సమాచారం లేనట్టు అయిపోయి ఉంటుంది.

-99ను ఫైలు చదివేటప్పుడే వదిలించుకోండి. రీడ్.సీఎస్‌వీలో ఎన్ఏ.స్ట్రింగ్స్ = సీ("ఎన్ఏ", "-99") అనండి. ఎన్ఏకు లాగ్ ఎన్ఏయే, హెచ్చరిక రాదు. సున్నాకు లాగ్ తీస్తే రుణ అనంతం వస్తుంది, దానికి ఆర్ హెచ్చరిక కూడా ఇవ్వదు. అందుకని లాగ్1పీ వాడండి, అది ఒకటి కలిపి లాగ్ తీస్తుంది. సున్నా వాన సున్నాగానే ఉంటుంది. ఇఫ్ఎల్స్ అవసరమే లేదు.

శూన్యభాగం
ఒకటి కలపడం మిల్లీమీటర్లలో ఒక ఫలితం, సెంటీమీటర్లలో ఇంకో ఫలితం ఇస్తుంది. వాన పడిందా లేదా అన్నది ఒక నమూనాగా, పడితే ఎంత అన్నది ఇంకో నమూనాగా చూడటం మంచిది.

వానలెక్క
పరిశోధనకు అదే సరి, ఒప్పుకుంటాను. ఆయన గ్రాఫు గీయడానికే అడుగుతున్నారేమో.

పొలంగట్టు
గ్రాఫుకే. ఎన్ఏ.స్ట్రింగ్స్ పెట్టి మళ్లీ చదివాను, హెచ్చరిక పోయింది. ఎండాకాలం తిరిగి వచ్చింది. తేదీలకు ఎర్రమట్టి గారి మూడు వరుసలు పెట్టాను, కొత్తవంతెన గారు కోప్పడకండి, మా కార్యాలయం కంప్యూటర్లో ప్యాకేజీలు వేసుకునే అనుమతి లేదు.

కొత్తవంతెన
అది సరైన కారణం. ఎర్రమట్టి గారు చెప్పినవి కాదు.

మిరపతోట
ఎన్ఏ గురించి నాదీ ఒక సందేహం. మార్కెట్ ధరల్లో మద్దతు ధర కంటే తక్కువ పలికిన రోజులు గుర్తించాలి. 2024-25కు పొడవు పింజ పత్తికి 7521 రూపాయలు. ఇఫ్ఎల్స్(ధర < 7521, "తక్కువ", "సరిపడా") అన్నాను. యార్డు సెలవు రోజుల్లో ధర లేదు, అక్కడ ఎన్ఏ వస్తోంది. దాన్ని "సరిపడా" చేయాలంటే ఎలా?

వానలెక్క
చేయకండి. ధరే లేని రోజు సరిపడా ధర పలికిందని రాస్తారా?

మిరపతోట
శాతం లెక్కకు అడ్డం వస్తున్నాయి.

లెక్కలమాస్టారు
శాతాన్ని ధర ఉన్న రోజుల మీద కట్టండి: మీన్(ధర < 7521, ఎన్ఏ.ఆర్ఎం = ట్రూ). ట్రూను ఒకటిగా, ఫాల్స్‌ను సున్నాగా లెక్కిస్తుంది కాబట్టి సగటే నిష్పత్తి. దీనికీ ఇఫ్ఎల్స్ అక్కర్లేదు. సెలవు రోజులను పట్టికలో విడిగా చూపాలనుకుంటే ఇఫ్_ఎల్స్‌లోని మిస్సింగ్‌కు "సెలవు" అని ఇవ్వండి.

పొలంగట్టు
ఆఖరు సందేహం. వానను వాతావరణ శాఖ తరగతులుగా విడగొట్టాలి. ఇఫ్ఎల్స్ లోపల ఇఫ్ఎల్స్, దాని లోపల ఇంకోటి, చివర ఎన్ని బ్రాకెట్లు మూశానో నాకే తెలియడం లేదు. ఇంకోచోట డీప్లయర్‌లోని కేస్_వెన్‌తో ప్రయత్నిస్తే అత్యంత భారీ వానలు కూడా "తేలికపాటి"లోకి వెళ్లాయి.

కొత్తవంతెన
కేస్_వెన్‌లో మొదట ఏ షరతు నిజమైతే అదే ఖాయం. మీరు వాన >= 2.5 ను పైన పెట్టి ఉంటారు, 210 మిల్లీమీటర్లు కూడా 2.5 కంటే ఎక్కువే కదా. పెద్ద హద్దు నుంచి కిందికి రాయండి: 204.5, 115.6, 64.5, 15.6, 2.5, 0.1. ఏదీ కాకపోతే ఏం పెట్టాలో .డిఫాల్ట్‌లో చెప్పండి. జాగ్రత్త, వాన ఎన్ఏ అయిన రోజులు కూడా ఆ డిఫాల్ట్‌లోకే పడతాయి. అందుకని ఈజ్.ఎన్ఏ(వాన) షరతును అన్నిటికంటే పైన పెట్టండి.

ఎర్రమట్టి
హద్దుల పనికి ఇఫ్ఎల్స్ గొలుసూ వద్దు, కేస్_వెనూ వద్దు. ఆర్‌తోపాటే వచ్చే కట్ ఉంది. బ్రేక్స్‌కు సీ(0, 0.1, 2.5, 15.6, 64.5, 115.6, 204.5, ఇన్ఫ్), రైట్ = ఫాల్స్, లేబుల్స్‌కు ఏడు పేర్లు. ఎన్ఏ ఎన్ఏగానే ఉంటుంది. ప్యాకేజీ అనుమతి కూడా అడగనక్కర్లేదు.

కొత్తవంతెన
ఈసారికి కట్‌కే నా ఓటు.

రాత్రిబండి
తారీఖు రాసి పెట్టుకోండి, వీళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

లెక్కలమాస్టారు
కట్ ఇచ్చేది ఫ్యాక్టర్ (పేర్లను లోపల అంకెలుగా దాచుకునే రకం) అని మాత్రం గుర్తుంచుకోండి. దాన్ని మళ్లీ ఇఫ్ఎల్స్‌లో పెట్టి ఏదో ఒక పేరు మార్చబోతే "భారీ" బదులు "5" అని వస్తుంది, తేదీల సంగతే మళ్లీ. 2020లో 4.0.0 వచ్చేదాకా ఫైలు చదివితే అక్షరాల కాలమ్‌లన్నీ వాటంతటవే ఫ్యాక్టర్లయ్యేవి, జిల్లాల పేర్ల బదులు అంకెలు ముద్రించిన పట్టికలు అప్పట్లో చాలా చూశాను. పేరు మార్చాలంటే లెవెల్స్‌లో మార్చండి, లేదా ముందు యాజ్.క్యారెక్టర్ అనండి.

పొలంగట్టు
కట్ పనిచేసింది. "భారీ" బదులు 5 అప్పటికే ఒకచోట వచ్చి ఉంది, యాజ్.క్యారెక్టర్ పెడుతున్నాను.